మూగబోయిన ముల్లంగి నీళ్లు

యోన్‌సిమ్ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన శీతాకాలం నుంచే జాడీలో ముల్లంగి నీళ్లు మూగబోయాయి.

నీళ్లు మూగబోవడమేమిటని నవ్వకండి. చొల్వన్ మైదానంలో, యుద్ధం తరిమితే ఉత్తరాది నుంచి మూటలు నెత్తిన పెట్టుకుని దిగినవాళ్ల పేటలో, నీళ్లు మాట్లాడి తీరాలి. పొలాల మీద మంచు పేరుకున్నాక, పెరట్లో మెడదాకా పాతిపెట్టిన జాడీలోంచి ఉప్పునీళ్లలో ఊరిన ముల్లంగి తీసి, ఆ నీళ్లలోనే కుట్టు అనే నల్లగింజల పిండితో ఒత్తిన సేమ్యా వేసుకుని గిన్నె ఎత్తి తాగుతారు వాళ్లు. ఆ నీళ్లు నాలుక మీద చురుక్కుమనాలి. ముక్కులోకి సూదిలా ఎక్కాలి. తాగినవాడు ఒక్క క్షణం కళ్లు మూసుకుని "అబ్బా!" అనాలి. అలా అనిపించలేని నీళ్లు ఎంత రుచిగా ఉన్నా వాళ్ల లెక్కలో మూగవే.

ఆ పేటలో పెళ్లైన ఆడవాళ్లని పుట్టినూరి పేరుతోనే పిలుస్తారు. యోన్‌సిమ్ అత్తగారిది ఉన్‌సాన్. ఉన్‌సాన్ అక్క జాడీ మూత తీసిందన్న వార్త ఆమె గరిట ముంచేలోపే వీధి చివరికి పాకేది, గిన్నెలు పట్టుకుని జనం తయారయ్యేవారు. ఆస్తి లేకపోయినా, పొలం కౌలుదే అయినా, ఆ జాడీ ఉన్నంతవరకు ఆవిడ తలెత్తుకునే నడిచింది.

యోన్‌సిమ్‌ది దక్షిణాన సముద్రపు ఒడ్డున కాంగ్‌జిన్. అందుకని ఆమె కాంగ్‌జిన్ పిల్ల అయింది. పిల్ల మంచి పనిమంతురాలు. అత్తగారి మోకాళ్లు మొరాయించడంతో కాపురానికి వచ్చిన కొత్తలోనే జాడీల అరుగు మొత్తం ఆమె చేతికొచ్చింది. సోయా పులుసు జాడీలు, సోయా ముద్ద జాడీలు, మిరపముద్ద జాడీ, అన్నిటినీ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి తళతళలాడించేది. తుడిచిన జాడీలో తన ముఖం చూసుకుని బొట్టు లేని నుదుటి మీది వెంట్రుకలు సర్దుకునేదంటే చూడండి మరి. అత్తగారు కాగితం అంటించిన కిటికీ పక్కకి జరిపి చూసి మురిసిపోయేది.

ఇంత శుభ్రమైన చేతికి వచ్చాక ముల్లంగి నీళ్లు ఎందుకు మూగబోయాయో ఎవరికీ అంతుపట్టలేదు. ఉప్పుంది, పులుపుంది, అల్లం వాసన ఉంది. చురుకు మాత్రం లేదు. జాడీలో రుచి మారితే ఇంటి రాత మారుతుందని అక్కడివాళ్లకి గట్టి నమ్మకం. ఉన్‌సాన్ అత్త నోరు తెరిచి కోడల్ని ఒక్కమాట అనలేదు. కాని గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు రావడం మానేశారు. అది చాలదూ?

అలాంటి రోజుల్లో అత్తగారి అన్న ఛేదొక్‌కి అరవయ్యో పుట్టినరోజు దగ్గర పడింది. అరవై నిండటమంటే వాళ్లకి పెళ్లి కన్నా పెద్ద పండగ. ఛేదొక్ కొడుకుల ఇళ్లు చిన్నవి, పట్నంలో ఇరుకు గదులు. అందుకని వేడుక చెల్లెలి ఇంట్లోనే అనుకున్నారు. పుట్టింది నడిచలికాలంలో కాబట్టి విందు ఏమిటో అడగక్కర్లేదు. ముల్లంగి నీళ్లలో సేమ్యా.

ముల్లంగి ఇంకా పొలంలో ఉండగానే ఉన్‌సాన్ అత్త, పక్కింటి బక్‌చన్ అక్కతో గోడ మీంచి మాట కలిపింది. యోన్‌సిమ్ అప్పుడు గోడ ఇవతల మిరపకాయలు ఆరబోస్తోంది.

"ఒసే బక్‌చన్, ఈసారి నీ జాడీ నీళ్లు కొంచెం ఎక్కువ పెట్టు."

"ఎందుకక్కా? నీ జాడీకేమైంది?"

"ఏమైందో తెలిస్తే నిన్నెందుకు అడుగుతానే! మా అన్న అరవై ఏళ్లకి ఒక్కసారి నా ఇంట్లో కూర్చుంటాడు. ఆయన ముందు చచ్చిన నీళ్లు ఎలా పెట్టను?"

బక్‌చన్ అక్క మంచిదే, కాని నోరు ఊరుకోదు. "పోనీలే అక్కా, కాంగ్‌జిన్ పిల్ల చెయ్యి వెచ్చనిది. వెచ్చని చేతికి ముల్లంగి నీళ్లు లొంగవు," అంది.

యోన్‌సిమ్‌కి మిరపకాయల చెయ్యి కంటికి తగలకుండానే కళ్లు మండాయి. ఉన్‌సాన్ అత్త పక్కింటి నీళ్లతో అన్నకి విందు చేసిందంటే ఇక ఆ ఇంటి జాడీ పేరు అక్కడితో సరి. ఆ పేరు తన చేతిలో పోయినట్టే. సాయంత్రం అన్నం పెడుతూ తల వంచుకునే అడిగింది.

"అత్తయ్యా, మన జాడీనే తీద్దాం. ఈ ఒక్కసారి నన్నే పెట్టనివ్వండి, మొదట్నుంచీ చివరిదాకా."

"తీశాక మూగవైతే?"

"అప్పుడు నేనే గిన్నె పట్టుకుని బక్‌చన్ అత్త గుమ్మం ముందు నిలబడతాను."

అత్తగారు గిన్నె పక్కన చెంచా పెట్టింది. "సరే. నీ గిన్నె నువ్వే పట్టుకో," అంది.

అడగడమైతే అడిగింది గాని, తప్పెక్కడుందో తెలిస్తేగా దిద్దుకునేది!

ఆ తరవాతి వారం అత్తగారికి కడుపు బరువుగా ఉందంటే, కొండ కింద మందునీటి ఊటకి వెళ్లింది యోన్‌సిమ్, బక్‌చన్ అక్కతో కలిసి. ఆ ఊట చుట్టూ రాళ్లన్నీ తుప్పు పట్టినట్టు ఎర్రగా ఉంటాయి. అడుగు నుంచి బుడగలు బుడబుడ పైకి వస్తూనే ఉంటాయి. దోసిట్లో పట్టి తాగితే నాలుక కొరికినట్టుంటుంది. యోన్‌సిమ్ ఒక గుటక తాగి ఉలిక్కిపడి, ఇంకో గుటక తాగి నవ్వింది. అత్తయ్య చెప్పే చురుకు ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది.

ఆమె సత్తు బకెట్టు నిండా ముంచుకుంది. బక్‌చన్ అక్క ఒకే ఒక్క సీసా నింపి, మొక్కజొన్న కండె చెక్కి బిరడా గట్టిగా బిగించింది.

"అంత దూరం వచ్చి ఒక్క సీసానా అత్తా?"

"నాకు ఇది చాలు. నువ్వు ఊటనంతా ఎత్తుకుపోతున్నావుగా!"

బస్సులో దక్షిణాది పిల్ల చలికి ఆగలేక డ్రైవరు పక్కన ఇంజను పెట్టె దగ్గర కూర్చుంది. బకెట్టు కాళ్ల మధ్య వెచ్చగా ఊగుతూ వచ్చింది. బక్‌చన్ అక్కకి బస్సెక్కితే తల తిరుగుతుంది. పగిలిన కిటికీ దగ్గర చలిగాలిలో, సీసాని తడి తువ్వాలులో చుట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక ఉన్‌సాన్ అత్త ముందు బకెట్టు నీళ్లు తాగింది.

"ఇవి ఊట నీళ్లా? బావిలో మేకు పడేసి తెచ్చావేంటే?"

యోన్‌సిమ్ తాగి చూసింది. తుప్పు రుచి ఉంది. కొరుకుడు లేదు. బక్‌చన్ అక్క అప్పుడు తన సీసా తీసి కండె లాగింది. టుప్పున శబ్దం. సీసా లోపల అడుగు నుంచి మెడదాకా ఎక్కడ చూసినా బుడగలే. అత్తగారు ఒక్క గుక్క తాగి, గుండెల మీద చెయ్యి వేసుకుని, ఇంటి కప్పు ఎగిరేలా త్రేన్చింది.

"హమ్మయ్య! ఇదీ నీళ్లంటే!"

"చూశావా అక్కా," అంది బక్‌చన్ అక్క విరగబడి నవ్వుతూ, "కొండ నీళ్లు కూడా కాంగ్‌జిన్ పిల్ల చేతిలో మూగబోతాయి!"

మామూలుగా అయితే యోన్‌సిమ్ ఆ మాటకి వంటింట్లోకి వెళ్లి ముక్కు చీదుకునేది. ఆ రోజు మాత్రం కదల్లేదు. బకెట్టు వంక చూసింది, సీసా వంక చూసింది. ఒకే ఊట, ఒకే బస్సు. సీసాలో బుడగలు కండె బిగించి ఉన్నంతసేపు కనబడనే లేదు. తీయగానే పుట్టుకొచ్చాయి. అంటే అప్పటిదాకా నీళ్లలోనే ఒదిగి కూర్చున్నాయన్నమాట. ఉప్పు నీళ్లలో కరిగి కంటికి కనబడకుండా పోయినట్టే, ఆ గాలి కూడా కరిగి ఉంది. కాకపోతే ఉప్పు బుద్ధిమంతురాలు, ఉన్నచోట ఉంటుంది. గాలి అలా కాదు. కాస్త వెచ్చబడితే, నెత్తిన మూత లేకపోతే, ఒక్కొక్క బుడగే లేచి ఇంట్లోంచి వెళ్లిపోతుంది. తన బకెట్టులోంచి బస్సులో ఊగి ఊగి అదంతా వెళ్లిపోయింది.

అనుకుంటూ అనుకుంటూ ఉండగా ఆమె చేతిలో గిన్నె జారి నేల మీద పడి దొర్లింది.

"అత్తయ్యా... ముల్లంగి జాడీకి మూత తియ్యకూడదా?"

"తియ్యడమేంటి? తినేటప్పుడు తీస్తాం."

"అది కాదు. పొద్దున్న... ఎండ కాసినప్పుడు..."

"ఎండ కాసినప్పుడు?"

"సోయా పులుసు జాడీలకి మూత తీసి ఎండ చూపిస్తాం కదా, గాలి ఆడాలని, బూజు పట్టకూడదని. మా అమ్మ అలాగే నేర్పింది. మరి పాపం దాన్నొక్కదాన్నీ వదిలెయ్యడమెందుకని, మీద కప్పిన గడ్డి పక్కకి తీసి, దానికి కూడా..."

"ఎప్పుడెప్పుడు?"

"రోజూ అత్తయ్యా. సాయంత్రం మళ్లీ మూసేదాన్ని."

ఉన్‌సాన్ అత్త బుగ్గలు ఉబ్బాయి, భుజాలు కదిలాయి, అడుగున పొయ్యి సెగ పాకే వెచ్చని నేల మీద పక్కకి వాలిపోయింది.

"ఎండబెట్టింది! బక్‌చన్, విన్నావా? ముల్లంగి నీళ్లని ఎండబెట్టిందే ఇది! చలికాలమంతా!"

"అయ్యో దేవుడా! తల్లి కోడి పిల్లల్ని ఎండకి తిప్పినట్టు తిప్పింది!"

ఇద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. ఉత్తరాది ఇంట పుట్టినవాళ్లెవరికీ పాతిన జాడీ మూత తీసే ఆలోచనే రాదు, అందుకే తియ్యొద్దని ఎవరూ చెప్పలేదు. దక్షిణాది పిల్లకి మూత తియ్యకుండా ఉండే ఆలోచనే రాలేదు, అందుకే ఎవరినీ అడగలేదు. యోన్‌సిమ్ మొదట సిగ్గుపడింది, తరవాత ఏడుపొచ్చింది, ఆ రెండూ సగం సగం ఉండగానే నవ్వొచ్చేసింది.

నవ్వు అయ్యాక అత్తగారు కళ్లు తుడుచుకుని, "దీనివల్లే అయితే మంచిదే. కాకపోతే?" అంది. ఆ మాట మాత్రం యోన్‌సిమ్ గుండెలో ముల్లులా ఉండిపోయింది.

మంచు పడకముందే ముల్లంగి పీకారు. పిడికిలంత మంచి గట్టివి ఏరి, తొక్క తీయకుండా కడిగి, ఉప్పులో దొర్లించి ఒక రాత్రి ఉంచింది యోన్‌సిమ్. తెల్లారేసరికి ముల్లంగి చెమటోడ్చినట్టు నీళ్లు వదిలి మెత్తగా వంగింది. ఇక ఉప్పునీళ్లు కలపాలి. సముద్రపు కల్లుప్పు, గోళీలంత గడ్డలు. బావి నీళ్లేమో వేళ్లు తిమ్మిరెక్కేంత చల్లన. ఎంత తిప్పినా గడ్డలు అడుగున కూర్చుని వెక్కిరిస్తున్నట్టే ఉన్నాయి.

"కాస్త వేడినీళ్లు పొయ్యవే, ఇట్టే కరుగుతుంది," అంది గోడ మీంచి బక్‌చన్ అక్క.

"వద్దు," అంది అరుగు మీద కూర్చున్న ఉన్‌సాన్ అత్త. "వేడినీళ్లు పోస్తే తొందరగా కరిగే మాట నిజమే. కాని ఆ వేడికి ముల్లంగి గట్టితనం పోతుంది. తిప్పు పిల్లా. అడుగు నుంచి పైకి తిప్పు. ఉప్పు బరువైంది, పట్టించుకోకపోతే కరిగిందంతా అడుగునే పడుకుంటుంది, పైన నీళ్లు చప్పగా ఉండిపోతాయి."

యోన్‌సిమ్ వెదురు బుట్టలో ఉప్పు పోసి నీళ్లలో వేలాడదీసింది. గడ్డల నుంచి సన్నటి పొగలాంటి చార కిందికి దిగుతుంటే చేత్తో ఊపుతూ కలిపింది. గడ్డలు శనగలంత అయ్యాయి, ఆవగింజలంత అయ్యాయి, తరవాత లేనే లేవు. బుట్టలో పిడికెడు ఇసుక, ఒక బుల్లి నత్త చిప్ప మిగిలాయి. సముద్రం వాసన ముక్కుకి తగిలి ఒక్కసారి కాంగ్‌జిన్ గుర్తొచ్చింది.

"రుచి ఎంతుండాలి అత్తయ్యా?"

"నీ కన్నీళ్ల కన్నా ఉప్పగా, నీ సముద్రం కన్నా చప్పగా."

రెండు రుచులూ యోన్‌సిమ్‌కి బాగా తెలిసినవే. వేలు ముంచి నాలుకకి రాసుకుని, ఇంకొక్క చెంబు నీళ్లు పోసి, తలూపింది. ముల్లంగి పేర్చి, అల్లం, వెల్లుల్లి గుడ్డలో కట్టి అడుగున వేసి, మీద ముల్లంగి ఆకు కప్పి, రాయి బరువు పెట్టి, నీళ్లు నిండా పోసింది. నూనె కాగితం పరిచి, గడ్డి తాడు బిగించి కట్టి, మూత పెట్టి, మూత మీద మళ్లీ రాయి. ఆ పైన గడ్డి, గడ్డి మీద మట్టి.

ఇక అప్పట్నుంచి మొదలైంది అసలు పరీక్ష. జాడీ ఏమీ అనదు. తెరిచి చూడకూడదు. ముల్లంగి లోపల ఊరుతూ ఊపిరి వదులుతుందో లేదో, ఆ ఊపిరి చల్లటి నీళ్లలో కరిగి కూర్చుంటుందో లేదో, బయటివాళ్లకి తెలిసే దారి లేదు. యోన్‌సిమ్ పెరట్లోకి వెళ్లినప్పుడల్లా ఆ మట్టికుప్ప వైపు చూడకుండా తల తిప్పుకునేది. చేతులు దురద పెట్టేవి. ఎండ బాగా కాసిన రోజు మరీను.

అత్తగారే ముందు ఓడిపోయింది. "ఒక్క గరిట తీసి చూద్దామే. ఉప్పు తక్కువైతే ఇప్పుడే కలుపుకోవచ్చు."

"వద్దత్తయ్యా."

"అత్తని నేను! నా పెరడు, నా జాడీ!"

"మీదే. మూత మాత్రం నాది."

యోన్‌సిమ్ మొగుడు నోట్లో అన్నం ఉండగానే నవ్వి, పొలమారి దగ్గాడు. ఉన్‌సాన్ అత్త కోపంగా ముఖం పెట్టబోయి పెట్టలేకపోయింది. మర్నాటి నుంచి పేటంతా అదే మాట. "ఏం కాంగ్‌జిన్ పిల్లా, మీ జాడీలో పురిటి గదా? ఎవర్నీ లోపలికి రానివ్వవట?" అని బక్‌చన్ అక్క అడిగితే, "పురుడయ్యాక మిమ్మల్నే ముందు పిలుస్తాను," అనడం కూడా నేర్చుకుంది యోన్‌సిమ్.

పుట్టినరోజు నాటికి మైదానమంతా తెల్లగా బిగుసుకుపోయింది. ఛేదొక్ మామ పట్టుబట్టలు కట్టుకుని, పండ్లు, రొట్టెలు గోపురాల్లా పేర్చిన బల్ల వెనక కూర్చుని పిల్లల దండాలు అందుకున్నాడు. అందుకున్న మరుక్షణం లేచి వంటింటి వైపు వచ్చేశాడు. పెద్ద కాగు మీద సేమ్యా ఒత్తే మర బిగించి ఉంది. మగవాళ్లు దాని కర్ర మీద ఎక్కి కూర్చుని ఒత్తుతుంటే సేమ్యా మరిగే నీళ్లలోకి దారాల్లా దిగుతోంది.

"పెద్ద మామయ్యా, మీరు కూర్చోండి, ఇవాళ మీది!" అన్నాడు యోన్‌సిమ్ మొగుడు.

"నాదైతే నా ఇష్టం. జరగండి!" అని ఆయన కూడా కర్ర మీదికి ఎగిరి కూర్చున్నాడు. పట్టుబట్టల నిండా ఆవిరి.

బక్‌చన్ అక్క పెద్ద గంగాళం పట్టుకొచ్చింది. "నీళ్లన్నీ ఒకేసారి ఇందులో తోడి గదిలో పెట్టేద్దాం. అందరూ వెచ్చగా కూర్చుని ముంచుకుంటారు."

యోన్‌సిమ్ గంగాళానికి అడ్డంగా నిలబడింది. "లేదత్తా. గిన్నెలే జాడీ దగ్గరికి రావాలి."

"ఈ మంచులోనా?"

"ఈ మంచులోనే."

అందరూ ఉన్‌సాన్ అత్త వైపు చూశారు. ఆవిడ లేచి మోకాళ్లు పట్టుకుంటూ చెప్పులు వేసుకుంది. "పదండి. ఇవాళ మూత దానిది."

పెరడంతా జనం గుమిగూడారు. మొగుడు మట్టి తీశాడు, గడ్డి తీశాడు. యోన్‌సిమ్ రాయి దించి మూత ఎత్తింది. నూనె కాగితం మీది ముడి ఆమె వేళ్లకి లొంగకపోతే అత్తగారే వంగి తాడు లాగింది. నూనె కాగితం ఎత్తేసరికి లోపల్నుంచి సన్నగా, నిద్రలో పిల్లవాడు నిట్టూర్చినట్టు, ఏదో చప్పుడైంది. అయిందో, అయిందనిపించిందో. పైన పల్చటి మంచు పలక కట్టి ఉంది. గరిటతో కొట్టి, ముక్కలతో సహా మొదటి గిన్నె నింపి ఛేదొక్ మామ చేతికిచ్చింది.

ఆయన తొందరలో ముందు మంచు ముక్క నోట్లో వేసుకున్నాడు. కరకరా నమిలాడు. మొహం చిట్లించాడు.

"చప్పగా ఉందే!"

యోన్‌సిమ్ గరిట దించేసింది. అంతా అయిపోయింది. ఉప్పే సరిపోలేదు, ఇక చురుకు మాటెందుకు? వెనకాల ఎవరో "పాపం" అన్నారు. ఆ మాట చలి కన్నా ఎక్కువ కొరికింది.

"అన్నా!" అని అరిచింది ఉన్‌సాన్ అత్త. "అరవై ఏళ్లొచ్చాయి, బుద్ధి రాలేదు! మంచు ఎప్పుడైనా ఉప్పుని దగ్గరికి రానిచ్చిందా? చిన్నప్పుడు ఒడ్డుకి వెళ్లినప్పుడు సముద్రం గడ్డకట్టి ఉంటే ఆ గడ్డ చీకుతూ ఆడుకోలేదూ మనం? గడ్డ కట్టేది మంచినీళ్లు. ఉప్పు కిందే ఉండిపోతుంది. గిన్నె ఎత్తి తాగు ముందు!"

ఛేదొక్ మామ చెల్లెలి కేకకి చిన్నపిల్లాడిలా గిన్నె ఎత్తాడు. గుటక మింగాడు. రెండో గుటక సగంలో ఆగిపోయాడు. కళ్లు పెద్దవయ్యాయి. ముక్కు పట్టుకున్నాడు. భుజాలు ఒక్క కుదుపు కుదిపాడు.

"ఏమైంది మామయ్యా?" అని యోన్‌సిమ్ గుసగుసగా అడిగింది.

ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ తరవాత ఎక్కడో పొట్ట అడుగు నుంచి బయల్దేరిన "అబ్బా!" పెరడు దాటి, గోడ దాటి, గడ్డకట్టిన పొలాల మీద దొర్లుకుంటూ పోయింది. దాని వెనకే పెద్ద త్రేన్పు.

"సేమ్యా ఏదిరా! సేమ్యా తెండి! గిన్నె ఇంకా పెద్దది తెండి!"

ఇక ఆగారా ఎవరైనా? తోసుకున్నారు, నవ్వుకున్నారు, మంచులో జారిపడ్డారు. తాగినవాళ్లు ముక్కులు పట్టుకుని గంతులేస్తుంటే తాగనివాళ్లు వెనక నుంచి గిన్నెలు చాచారు. బక్‌చన్ అక్క గిన్నె మొత్తం ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, అయిష్టంగానే ఒప్పుకుంది. "చెయ్యి వెచ్చనిదే. నీళ్లు మాత్రం కొరికాయి."

"ఇంకో గిన్నె పొయ్యనా అత్తా?"

"అడుగుతావేంటే? పొయ్యి!"

ఉన్‌సాన్ అత్త అందరికన్నా ఆఖర్న తాగింది. గట్టిగా కళ్లు మూసుకుంది. ఏమంటుందోనని యోన్‌సిమ్ చూస్తూనే ఉంది. ఆవిడ మళ్లీ గిన్నె ముంచి, రెండు చేతులతో కోడలికి అందించింది.

"అందరికీ పోశావు. నువ్వు తాగావా?"

అప్పటిదాకా యోన్‌సిమ్‌కి ఆ సంగతే గుర్తు రాలేదు. గిన్నె ఎత్తి గటగటా తాగింది. నాలుక మీద వెయ్యి సూదులు ఒక్కసారి లేచి, గొంతులో చల్లగా దిగి, ముక్కులోంచి వెచ్చగా బయటికొచ్చాయి. తుమ్మింది. ఇంకోసారి తుమ్మింది. పెరడంతా గొల్లున నవ్వింది.

"ఎలా ఉందే?" అని అత్తగారు అడిగింది.

యోన్‌సిమ్ ఒక చేత్తో ముక్కు పట్టుకుని, నీళ్లు కారుతున్న కళ్లతో నవ్వుతూ, రెండో చేత్తో ఖాళీ గిన్నె మళ్లీ ముందుకి చాచింది.